ఒక్క స్టార్ పడకముందే: తికమకపడే యాప్ యూజర్‌కు దారి చూపడం ఎలా

"రెండేళ్ల లెక్కలన్నీ పోయాయి. ఎవరూ ఇన్‌స్టాల్ చేసుకోకండి."

నేను సపోర్ట్ చూసిన ఒక ఖర్చుల యాప్‌కు వచ్చిన ఒక్క స్టార్ రివ్యూ ఇది. జవాబులో మా మెయిల్ ఇస్తే ఆయన వివరంగా రాశారు, అప్పుడు అసలు సంగతి తెలిసింది. లెక్కల్లో ఒక్కటి కూడా పోలేదు. పాత ఫోన్‌లో మొబైల్ నంబర్‌తో లాగిన్ అయ్యేవారు, కొత్త ఫోన్‌లో గూగుల్ బటన్ నొక్కారు. యాప్ ఒక్క మాటైనా అడగకుండా ఇంకో కొత్త ఖాతా తెరిచేసి, ఖాళీ స్క్రీన్ ముందు పెట్టింది. ఆ స్క్రీన్ చూసి ఆయన ఎంత కంగారుపడి ఉంటారో నాకు తెలుసు. సహాయం కోసం వెతికితే మా హెల్ప్ పేజీ సెట్టింగ్స్‌లో నాలుగో మెనూ లోపల ఉంది. స్టోర్‌లో రివ్యూ రాసే పెట్టె మాత్రం ఎదురుగా ఉంది.

అప్పటి నుంచి తక్కువ స్టార్ల రివ్యూ ఏది చూసినా, దీని వెనక ఏ ప్రశ్న ఉంది అని ముందు వెతుకుతాను. చాలావాటిలో దొరుకుతుంది. అడగడానికి వేరే చోటు కనపడక ఆ ప్రశ్న స్టోర్‌కు వచ్చి ఉంటుంది. అది అక్కడిదాకా పోకుండా, యాప్‌లోనే అడిగేలా, అక్కడే జవాబు దొరికేలా చేయడం ఎలాగో ఒక్కో అడుగుగా చెప్తాను. ఒక్కరే యాప్ తయారుచేస్తున్నవాళ్లను, నలుగురైదుగురున్న చిన్న టీమ్‌లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

చిన్న యాప్‌కు ఇది ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. 10 రేటింగ్‌లు ఉండి సగటు 4.5 అయితే, ఇంకొక్క ఒక్క స్టార్ పడగానే అది 4.18కి దిగిపోతుంది. అదే 1000 రేటింగ్‌లున్న యాప్‌లో ఆ మార్పు కంటికి కూడా ఆనదు. ఇంకో విషయం, గూగుల్ ప్లే 2019 నుంచి సగటు లెక్కలో కొత్త రేటింగ్‌లకు ఎక్కువ బరువు ఇస్తోంది. ఈ వారం వచ్చిన తికమక పాత మంచి పేరును తొందరగా తినేస్తుంది. అలాగే ఈ వారం సరిచేసిన పని తొందరగానే ఫలితం చూపిస్తుంది.

మొదటి అడుగు: రివ్యూలను మూడు కుప్పలు చేయండి

ఒకటి, రెండు, మూడు స్టార్ల రివ్యూలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించండి. వందలు ఉంటే ఇటీవలి వంద చాలు. ఒక్కోదాని పక్కన యూజర్ ఏం చేయబోయారు, ఏ స్క్రీన్ దగ్గర ఆగిపోయారు, యాప్ వెర్షన్ ఏమిటి, ఫోన్ ఏమిటి అన్నవి రాయండి. ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు తమ యాప్‌ను చూసుకునే గూగుల్ పేజీ) చాలా రివ్యూల పక్కన ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ కనిపిస్తాయి కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది.

తర్వాత మూడు కుప్పలు. యాప్ నిజంగా పాడైనవి ఒకటి. యాప్ బాగానే ఉన్నా యూజర్‌కు దారి దొరకనివి రెండోది. ధర, ప్రకటనలు, లేని సౌకర్యాలు, ఇలా నచ్చకపోవడం గురించి రాసినవి మూడోది. మన పని రెండో కుప్పతో. ఇందులో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి: "ఎక్కడుందో తెలియట్లేదు", "రావట్లేదు", "పోయింది", "ఇది ఎందుకు అడుగుతోంది", "ముందు ఉండేది ఇప్పుడు లేదు".

"పని చేయట్లేదు" అని ఊరికే రాసినదాన్ని ఏ కుప్పలో వేయాలి? వెర్షన్ చూడండి. అలాంటివన్నీ ఒకే వెర్షన్ నుంచో, ఒకే కంపెనీ ఫోన్ల నుంచో వస్తుంటే బగ్ అయ్యుండే అవకాశం ఎక్కువ. అన్ని వెర్షన్ల నుంచీ, అన్ని ఫోన్ల నుంచీ చెదురుమదురుగా వస్తుంటే తికమక అని అనుమానించండి.

మొదటి కుప్పే పెద్దదైతే ఈ గైడ్ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి. యాప్ వాడుతున్నవాళ్ల కళ్ల ముందే క్రాష్ అయ్యే రేటు 1.09 శాతం దాటినా, యాప్ స్పందించకుండా బిగుసుకుపోయే రేటు 0.47 శాతం దాటినా గూగుల్ ప్లే దాన్ని చెడు ప్రవర్తనగా లెక్కేస్తుంది, స్టోర్‌లో యాప్ కనిపించడం కూడా తగ్గొచ్చు. క్రాష్ అయ్యే యాప్‌లో హెల్ప్ పేజీ ఎంత బాగా రాసినా ఉపయోగం లేదు.

మూడు స్టార్ల రివ్యూలను తొందరగా దాటేయకండి. కోపం తక్కువగా ఉండి, ఎక్కడ ఇబ్బందైందో ఓపికగా రాసేది ఎక్కువగా వాళ్లే. అక్కడక్కడా "సూపర్ యాప్, నంబర్ వన్" అని రాసి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు కూడా తగులుతారు. ఒకటి అంటే మొదటి స్థానం అనుకుని ఉంటారు. ఐదు స్టార్లంటే అన్నిటికంటే ఎక్కువ అని మర్యాదగా ఒక ముక్క రాస్తే చాలు.

రెండో అడుగు: పక్కన కూర్చుని, మాట్లాడకుండా చూడండి

రివ్యూ చదివితే ఎక్కడ ఆగారో తెలుస్తుంది. ఎందుకు ఆగారో తెలియాలంటే వాడుతుండగా చూడాలి. యాప్‌ను ఎప్పుడూ చూడనివాళ్లను ఐదుగురిని పిలవండి. చాలా సమస్యలు ఐదుగురితోనే బయటపడతాయని, యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. నా అనుభవంలో మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికే ఒకే చోట వేలు ఆగడం కనిపించింది.

పని చెప్పేటప్పుడు మీ బటన్ మీద రాసిన మాట మీరు వాడకండి. బటన్ పేరు "ఎంట్రీ జోడించు" అయితే "ఎంట్రీ జోడించండి" అని చెప్పొద్దు. "నిన్న బస్సుకు ఖర్చు పెట్టారు, అది ఇందులో రాసుకోండి" అనండి. ఆ తర్వాత నోరు మెదపకండి. వాళ్లు తప్పు చోట నొక్కినప్పుడు "అక్కడ కాదు, పైన" అనాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకోండి. మీ యూజర్ల పక్కన మీరు ఉండరు కదా. వేలు గాల్లో ఆగిన ప్రతి క్షణం, వెనక్కి నొక్కిన ప్రతిసారీ, "ఇదేంటి" అన్న ప్రతి మాటా రాసుకోండి. ఆ మాటలు తర్వాత హెల్ప్ పేజీ రాయడానికి పనికొస్తాయి.

మూడో అడుగు: అందరూ జారే నాలుగు చోట్లు బాగు చేయండి

ఏ యాప్‌లో చూసినా తికమక ఎక్కువగా ఈ నాలుగు చోట్లే పోగుపడుతుంది.

లాగిన్ ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మనిషి జారితే యాప్‌లోకే రాలేడు. రెండు మూడు రకాల లాగిన్ బటన్లు పెడితే, ఈ ఫోన్‌లో పోయినసారి ఏది వాడారో ఆ బటన్ పక్కన చిన్నగా రాయండి. కొత్త ఫోన్‌లో ఆ సమాచారం ఉండదు కాబట్టి, కొత్త ఖాతా తెరిచే ముందు తప్పకుండా ఒక ప్రశ్న అడగండి: "ఈ మెయిల్‌తో ఇంతవరకు ఖాతా లేదు. మీరు ముందు మొబైల్ నంబర్‌తో లాగిన్ అయ్యేవారా?" కింద రెండు బటన్లు: "అవును, నంబర్‌తో వెళ్తాను", "లేదు, నేను కొత్త". మా యాప్‌లో ఈ ఒక్క ప్రశ్న పెట్టాక "డేటా పోయింది" అనే రివ్యూలు రావడం దాదాపు ఆగిపోయింది. ఓటీపీ స్క్రీన్ మీద వాళ్లు టైప్ చేసిన నంబర్ పూర్తిగా కనిపించాలి, పక్కనే మార్చుకునే బటన్ ఉండాలి. "ఓటీపీ రావట్లేదు" అన్నవాళ్లలో కొందరు ఒక అంకె తప్పు కొట్టి ఉంటారు, అది చూసుకునే వీలే చాలా యాప్‌లు ఇవ్వవు.

రెండోది పర్మిషన్లు. ఇక్కడి తికమక ఎక్కడ పుడుతుందో చాలామంది డెవలపర్లే గమనించరు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక పర్మిషన్‌ను యూజర్ రెండుసార్లు వద్దంటే, ఆ తర్వాత సిస్టమ్ ఆ ప్రశ్న మళ్లీ చూపించదు. ఐఫోన్‌లో ఒక్కసారి వద్దన్నా అంతే. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు కూడా అనుమతి అడగాలి. యాప్ తెరవగానే వరసగా నాలుగు పర్మిషన్లు అడిగితే, మనిషి చిరాకుపడి అన్నిటికీ వద్దని నొక్కుతాడు. నెల తర్వాత రిమైండర్ రాలేదని ఒక్క స్టార్ ఇస్తాడు. అప్పటికి తను వద్దన్న సంగతి అతనికి గుర్తుండదు.

అందుకే అవసరం పడిన క్షణంలోనే అడగండి. మొదటి రిమైండర్ పెట్టుకున్నప్పుడు, "సరిగ్గా ఈ టైమ్‌కు మీకు గుర్తుచేయాలంటే నోటిఫికేషన్ అనుమతి కావాలి" అని ముందు మీ మాటల్లో చెప్పి, తర్వాత సిస్టమ్ ప్రశ్న చూపించండి. ఇప్పటికే వద్దన్నవాళ్లకు రిమైండర్ల పేజీ పైన "నోటిఫికేషన్లు ఆఫ్‌లో ఉన్నాయి, కాబట్టి రిమైండర్లు రావు" అని ఒక వరుస, పక్కన నేరుగా ఫోన్ సెట్టింగ్స్‌కు తీసుకెళ్లే బటన్ పెట్టండి. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అనుమతి ఇచ్చినా రిమైండర్ రాకపోతే ఆ సెట్టింగ్ చూడమని అదే చోట చెప్పండి.

మూడోది డబ్బు. దీని దగ్గర తికమక వెంటనే కోపంగా మారుతుంది, "మోసం" అనే మాట వచ్చేదీ ఇక్కడే. యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ ప్రొఫైల్‌లో చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్లు అనే చోట, ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పైన ఉండే తమ పేరు నొక్కి సబ్‌స్క్రిప్షన్లలో రద్దు చేసుకోవాలి. ఈ ముక్క కొనే స్క్రీన్ మీదే రాయండి. ఉచిత గడువు ఏ తేదీన ముగుస్తుందో, ఆ రోజు ఎంత కట్ అవుతుందో అంకెల్లో పెద్దగా చూపించండి. ఇలా రాస్తే కొనేవాళ్లు తగ్గుతారని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. కొందరు తగ్గొచ్చు. కానీ తెలియకుండా డబ్బు కట్ అయిన మనిషి రాసే రివ్యూ చదివి వెనక్కి పోయేవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. పైగా రద్దు ఎలా చేసుకోవాలో తెలుసుకోవడం యూజర్ హక్కు. చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు కూడా "పెండింగ్‌లో ఉంది" అని స్పష్టంగా చూపించాలి. లేకపోతే కంగారులో రెండోసారి చెల్లిస్తారు.

నాలుగోది ఖాళీ స్క్రీన్లు, ఎదురుచూపులు. కొత్తవాళ్లకు మొదటి పేజీ ఖాళీగా కనిపిస్తే యాప్ పాడైందనుకుంటారు. అక్కడ ఏం వస్తుందో ఒక వాక్యం, మొదటి పని మొదలుపెట్టే ఒక బటన్ ఉంటే చాలు. ఏ పనికైనా కొన్ని సెకన్లు పట్టేటట్టయితే ఏం జరుగుతోందో చెప్పండి. ఏమీ చెప్పకపోతే మళ్లీ మళ్లీ నొక్కుతారు.

నాలుగో అడుగు: తప్పు జరిగినప్పుడు చెప్పే మాట మార్చండి

"ఏదో తప్పు జరిగింది. మళ్లీ ప్రయత్నించండి." ఈ మాట మీ యాప్‌లో ఎన్ని చోట్ల ఉందో ఈరోజే వెతకండి. అందులో ఏం జరిగిందో లేదు, ఏం చేయాలో లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మనిషికి అప్పుడు కలిగే భయానికి సమాధానం లేదు. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు కనిపించగానే ఎవరైనా మొదట అనుకునేది "నా డబ్బు పోయిందా, నేను రాసింది పోయిందా" అనే.

కాబట్టి ప్రతి ఎర్రర్ సందేశంలో మూడు సంగతులు ఉండాలి: ఏమైంది, మీది ఏదైనా పోయిందా లేదా, ఇప్పుడు ఏం చేయాలి. ఉదాహరణకు: "ఇంటర్నెట్ ఆగిపోవడంతో ఈ ఖర్చు సర్వర్‌కు చేరలేదు. మీరు రాసింది ఫోన్‌లో భద్రంగా ఉంది. నెట్ రాగానే దానంతట అదే వెళ్తుంది." భద్రంగా ఉంది అన్న మాట ఒక్కటే సగం టెన్షన్ తీసేస్తుంది. కానీ నిజంగా భద్రంగా ఉంటేనే ఆ మాట రాయండి. లేకపోతే ముందు కోడ్ మార్చి, తర్వాత సందేశం మార్చండి.

"మీరు తప్పు పాస్‌వర్డ్ ఇచ్చారు" అనే బదులు "ఈ పాస్‌వర్డ్ సరిపోలేదు" అనండి. తికమకలో ఉన్న మనిషి మీద తప్పు మోపితే, ఆ కోపం స్టార్లలో కనిపిస్తుంది.

ఐదో అడుగు: అడిగే చోటును రివ్యూ పెట్టె కంటే దగ్గరగా పెట్టండి

ఏ స్క్రీన్ నుంచైనా రెండు నొక్కుల్లో సహాయం అందాలి. ఎర్రర్ సందేశం కిందైతే ఒకే నొక్కు. లాగిన్ కాకముందు కూడా సహాయం అందాలి. లాగిన్ అవ్వలేక ఇబ్బందిపడే మనిషికి, లాగిన్ అయ్యాకే తెరుచుకునే హెల్ప్ పేజీ ఎందుకు? ఈ పొరపాటు మేమూ చేశాం, దాన్ని గమనించడానికి మాకు నెలలు పట్టింది.

హెల్ప్ పేజీలోని ప్రశ్నలు యూజర్ల నోటి మాటల్లో ఉండాలి. "ఖాతా సమకాలీకరణ" అని శీర్షిక పెడితే ఎవరూ దాన్ని తమ సమస్యగా గుర్తుపట్టరు. "కొత్త ఫోన్‌లో నా లెక్కలు కనపడట్లేదు" అని పెట్టండి. మొదటి అడుగులో చేసిన షీట్, రెండో అడుగులో రాసుకున్న మాటలు ఇక్కడ అచ్చంగా దింపేయొచ్చు.

"మాకు రాయండి" బటన్ నొక్కితే యాప్ వెర్షన్, ఫోన్ మోడల్ మెయిల్‌లో వాటంతట అవే చేరేలా చేయండి. ఏం పంపుతున్నారో యూజర్‌కు కనిపించాలి. ఎప్పటిలోగా జవాబిస్తారో నిజాయితీగా రాయండి. ఒక్కరే పని చేస్తుంటే "రెండు రోజుల్లో" అని రాసినా పర్లేదు, మాట తప్పకపోతే చాలు. స్టోర్ పేజీలో ఇచ్చిన కాంటాక్ట్ మెయిల్‌ను ఎవరైనా చదువుతున్నారా అని కూడా ఒకసారి చూసుకోండి.

ఆరో అడుగు: రేటింగ్ సరైన క్షణంలో, నిజాయితీగా అడగండి

రెండు స్టోర్లూ యాప్‌లోనే రేటింగ్ అడిగే పద్ధతి ఇచ్చాయి. యాపిల్ 2017లో ఐఓఎస్ 10.3తో ఇచ్చింది, గూగుల్ 2020లో ఇచ్చింది. యాపిల్ ఆ పెట్టెను ఒక యూజర్‌కు 365 రోజుల్లో మూడుసార్ల కంటే ఎక్కువ చూపించదు. గూగుల్‌కు కూడా ఒక పరిమితి ఉంది. అందుకే మీ "రేటింగ్ ఇవ్వండి" బటన్‌కు ఈ పెట్టెను తగిలించకండి. పరిమితి దాటితే బటన్ నొక్కినా ఏమీ రాదు, అదొక కొత్త తికమక. బటన్ పెట్టాలనుకుంటే నేరుగా స్టోర్ పేజీకి పంపండి.

ఎప్పుడు అడగాలి? మనిషి అనుకున్న పని పూర్తయిన వెంటనే. నెల లెక్క చూసుకున్నాక, ఐదో బిల్లు పంపాక, ఇలా. యాప్ తెరవగానే వద్దు, పని మధ్యలో వద్దు, ఎర్రర్ చూసిన రోజు అసలే వద్దు.

ఒక అడ్డదారి గురించి చెప్పాలి. "యాప్ నచ్చిందా?" అని ముందు అడిగి, అవునన్నవాళ్లను స్టోర్‌కు, కాదన్నవాళ్లను ఫీడ్‌బ్యాక్ ఫారానికి పంపడం చాలాచోట్ల కనిపిస్తుంది. రేటింగ్ పెట్టెకు ముందు అభిప్రాయం అడిగే ప్రశ్న పెట్టొద్దని గూగుల్ స్పష్టంగా చెబుతోంది. సొంతంగా తయారుచేసిన రివ్యూ పెట్టెలను యాపిల్ ఒప్పుకోదు. రేటింగ్‌కు బదులుగా పాయింట్లో, డిస్కౌంటో ఇవ్వడం కూడా కుదరదు. నిబంధనల సంగతి అటుంచినా, అది యూజర్ గొంతు నొక్కడమే అని నా అభిప్రాయం. సహాయం తలుపు అందరికీ, అన్ని రోజులూ తెరిచి ఉండాలి. రేటింగ్ ప్రశ్నతో దానికి ముడి పెట్టకూడదు.

ఏడో అడుగు: పడిన రివ్యూకు మనిషిలా జవాబివ్వండి

ఇన్ని చేసినా కొన్ని పడతాయి. గూగుల్ ప్లేలో మీ జవాబుకు 350 అక్షరాలే చోటు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ అభిప్రాయం మాకు విలువైనది" అని మొదలుపెడితే అందులో పెద్ద ముక్క వృథా అయిపోతుంది. నేరుగా విషయంలోకి రండి:

"మీ లెక్కలు పోలేదండి. పాత ఫోన్‌లో నంబర్‌తో లాగిన్ అయ్యుంటే, ఇక్కడ లాగౌట్ చేసి అదే నంబర్‌తో రండి, అన్నీ కనిపిస్తాయి. కనపడకపోతే యాప్‌లో సహాయం నొక్కి రాయండి, ఈరోజే చూస్తాం."

యూజర్ ఏ భాషలో రాస్తే ఆ భాషలో రాయండి. ఫోన్ నంబర్ గానీ, ఆర్డర్ వివరాలు గానీ అందరికీ కనపడే రివ్యూలో అడగకండి. మీరు జవాబిచ్చినట్టు యూజర్‌కు తెలుస్తుంది, కావాలంటే రివ్యూ మార్చుకోవచ్చు. కానీ సమస్య తీరకముందే "స్టార్లు పెంచండి" అని అడగొద్దు. తీరాక కూడా నేను అడగను. చాలామంది అడక్కుండానే మారుస్తారు, మార్చనివాళ్ల రివ్యూ కింద మీ జవాబు ఉంటుంది, అదే తికమకలో ఉన్న ఇంకొకరు చదువుకుంటారు.

బగ్ సరిచేశాక పాత జవాబును వదిలేయకండి. దాన్ని మార్చి "ఈ వెర్షన్‌లో సరిచేశాం" అని రాయొచ్చు. ఇది చేసేవాళ్లు తక్కువ, దీనివల్ల వెనక్కి వచ్చే యూజర్లు మాత్రం ఉన్నారు.

ఎనిమిదో అడుగు: అప్‌డేట్‌ను కొద్దికొద్దిగా వదలండి

అలవాటైన బటన్‌ను చోటు మారిస్తే పాత యూజర్లు కూడా కొత్తవాళ్లయిపోతారు. మార్చక తప్పకపోతే, పాత చోట కొన్ని వారాలు "ఇది ఇప్పుడు కింద ఉంది" అని ఒక గుర్తు ఉంచండి. గూగుల్ ప్లేలో ముందు కొద్ది శాతం మందికే అప్‌డేట్ ఇచ్చి, పరిస్థితి చూసి పెంచుకోవచ్చు. యాపిల్ దశలవారీ విడుదలలో ఏడు రోజులపాటు 1, 2, 5, 10, 20, 50, 100 శాతంగా వెళ్తుంది, మధ్యలో ఆపుకోవచ్చు. మొదటి రెండు రోజులు రివ్యూలు, సపోర్ట్ మెయిల్స్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే ప్రశ్న మూడుసార్లు వస్తే అక్కడే ఆపి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టండి.

వారానికి ఒకసారి మొదటి షీట్ తెరిచి, రెండో కుప్పలో ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ఒక్కదాన్ని తీసుకుని ఆ వారం దాని మీదే పని చేయండి. పక్క గడిలో మార్పు విడుదలైన తేదీ రాసుకోండి. ఆ తేదీ తర్వాత కూడా అదే ప్రశ్న వస్తుంటే, మీరు పెట్టిన బోర్డు వాళ్లకు కనపడట్లేదన్నమాట. ఇంకో మనిషిని పిలిచి, పక్కన కూర్చుని మళ్లీ చూడండి.